మంచినీళ్లు తాగిన ఓడ

అనగా అనగా, ఉప్పుగాలికి తలుపుల గొళ్లేలు కూడా తుప్పుపట్టి రాలిపోయే ఒక రేవు ఉండేది.

ఆ రేవులో బావి తవ్వితే ఉప్పునీరు. చెలమ తీస్తే ఉప్పునీరు. తాగడానికి మంచినీళ్లు కావాలంటే కోసెడు దూరం ఇసుకలో నడిచి, మెట్టమీది బావి నుంచి కావడితో మోసుకు రావాలి. అందుకని ఆ ఊళ్లో మంచినీళ్లంటే నేతితో సమానం. చుట్టం వస్తే కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చేవారు గాని, చెంబుడు నీళ్లివ్వడానికి చేయి వెనకాడేది.

ఆ రేవులో పోలిశెట్టి అనే వర్తకుడికి ఒక పాత తెరచాప ఓడ ఉండేది. దాని పేరు వరాలతల్లి. అది అతని తండ్రి చేయించిన ఓడ. ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చి రేవులోని ఓడలన్నీ మునిగిపోతే, ఆ ఒక్క ఓడ మాత్రం పోలిశెట్టి తండ్రిని ప్రాణాలతో ఒడ్డుకు తెచ్చింది.

ఆనాటి నుంచి పోలిశెట్టి తల్లి అంకమ్మకు ఆ ఓడే దైవం. ప్రతి శుక్రవారం ఐదు బిందెల మంచినీళ్లు తెప్పించేది. వాటిలో పసుపు కలిపేది. నిచ్చెన దిగి ఓడ కడుపులోకి వెళ్లేది. తెరచాప స్తంభం మొదలును పట్టి ఉంచే పాదు ఉన్నచోట, నేలపలకల మీద, ఆ ఐదు బిందెలూ తన చేత్తో పోసి దండం పెట్టేది.

"నిత్యం ఉప్పునీళ్లలో నానే తల్లి. వారానికి ఒక్కసారైనా దానికి మంచినీళ్లు పట్టొద్దా?" అనేది.

ఊరివాళ్లు ఆ భక్తికి చేతులు జోడించేవారు.

ఆ రేవులో ఒక కట్టడి ఉండేది. అది కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ సాగదు. ఓడ కడుపులో నేలపలకను ఎత్తి మళ్లీ వేసిన వడ్రంగి, ఆ తర్వాతి ప్రయాణంలో ఆ పలక మీదే చాప వేసుకుని పడుకోవాలి. పని సరిగ్గా చేయనివాడు ముందు తానే మునగాలని పెద్దలు పెట్టిన కట్టడి అది.

ఉద్దేశం మంచిదే. కాని వడ్రంగులు దానికో దొడ్డిదారి కనిపెట్టారు. పలకను ఎత్తితేనే కదా దాని మీద పడుకోవలసింది? ఎత్తకపోతే? అంతే. అప్పటి నుంచి ఆ రేవులో పాత పలకను ఎత్తేవాడే లేడు. దాని నెత్తిన కొత్త పలక పెట్టి మేకులు కొట్టేవారు.

ఒక ఏడు వరాలతల్లి నేలపలకలు కాలికింద మెత్తగా ఊగడం మొదలుపెట్టాయి. ఓడ కడుపులోంచి నాచువాసన వచ్చింది. ఓడను నడిపే తండేలు నూకయ్య వెళ్లి ఆ సంగతి శెట్టితో చెప్పాడు. శెట్టి కాచోజు అనే వడ్రంగిని పిలిపించాడు.

కాచోజు దిగి చూశాడు. కాలి బొటనవేలితో పలకను నొక్కాడు. వేలు దిగబడింది. పలకల మీద పసుపు మరక చూశాడు. అతనికి అంతా అర్థమైంది.

పైకి వచ్చి, "పైపైన మెత్తబడింది శెట్టిగారూ. ఒక వరస టేకుపలకలు కొడితే రాయే!" అన్నాడు.

ఒక వరస కొట్టాడు. ఓడ వెళ్లింది, వచ్చింది. వచ్చేసరికి అడుగున వేసిన ధాన్యం బస్తాలు తడిసి మొలకెత్తాయి.

రెండో ఏడు మళ్లీ అదే వాసన. ఈసారి మారోజు అనే వడ్రంగి వచ్చాడు. అతడు సుత్తితో పలక మీద కొట్టాడు. మంచి చెక్క కొడితే ఖంగుమంటుంది. ఇది తడిగుడ్డ మీద కొట్టినట్టు దబ్బుమంది. మారోజు కూడా పసుపు మరక చూశాడు.

ఇంటికి వెళ్లి భార్యతో చెప్పాడు. "మరి ఆ మాట శెట్టిగారితో అనలేదా?" అని ఆమె అడిగింది.

"ఆయన తల్లి పూజకు వంక పెట్టడానికి నాకేమైనా రెండు తలకాయలున్నాయా?" అన్నాడు మారోజు.

అతడు సందుల్లో నూనెపీచు కూరి, పైన గుగ్గిలం పూసి, దాని మీద ఇంకో వరస పలకలు కొట్టాడు. నేల నున్నగా అద్దంలా మెరిసింది. అంకమ్మ చూసి మురిసి, మారోజుకు కొత్త పంచెల చాపు పెట్టింది.

ఆ ఏడు ఓడ నడిసముద్రంలో ఉండగా గాలి తిరిగింది. అలల దెబ్బకు స్తంభం పాదు కిందికి జారింది. ఓడ అడుగు విచ్చుకుని నీరు లోపలికి వచ్చింది. దానయ్య, ఎర్రయ్య అనే ఇద్దరు కళాసీలు కడుపులోకి దిగి నీళ్లు తోడుతున్నారు. వారి కాళ్ల కింద పలకలు మూడు వరసలూ ఒక్కసారి కూలిపోయాయి. వరసగా పేర్చిన బస్తాలు వారి మీద పడ్డాయి.

మిగిలినవాళ్లు విచ్చుకున్న చోట చాపలూ గుడ్డలూ కుక్కి, పగలూ రాత్రీ నీళ్లు తోడుకుంటూ ఎలాగో రేవు చేరారు. పదకొండు మంది వెళ్లారు. తొమ్మిది మంది వచ్చారు.

ఎర్రయ్య తండేలు నూకయ్యకు తమ్ముడు. దానయ్య సన్యాసమ్మ అనే ముసలమ్మకు ఒక్కడే కొడుకు. ఆ రెండు పేర్లూ మరిచిపోకండి, పిల్లలూ. కథల్లో ఓడల పేర్లు నిలుస్తాయి, వాటిలో పోయినవాళ్ల పేర్లు జారిపోతాయి.

"అమ్మవారికి కోపం వచ్చింది," అంది ఊరు.

అంకమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. "నా పూజలో ఏదో లోటు జరిగింది," అనుకుంది. పనివాళ్లు విచ్చుకున్న అడుగును బయటి నుంచి కూరి, కూలిన చోట పైన కొత్త పలకలు పరిచి మూసేశారు. ఆవిడ ఆ మరుసటి శుక్రవారం నుంచి ఐదు బిందెలకు బదులు పది బిందెలు పోయించింది.

మూడో ఏడు వచ్చింది. ఆ ఏడు అంకమ్మ మనవడు సాంబుడికి పదహారేళ్లు నిండాయి. శెట్టి వంశంలో పదహారేళ్లు నిండిన మగపిల్లవాడు ఓడలో తొలిప్రయాణం చేయాలి. స్తంభం పాదు దగ్గర చాప వేసుకుని పడుకోవాలి. సాంబుడంటే నాయనమ్మకు ప్రాణం. కొడుకు మీద కూడా ఆవిడకు అంత ప్రేమ లేదు.

తండేలు నూకయ్య మాత్రం మొండికేశాడు. "పలక ఎత్తి అడుగు చూపించేదాకా నేను చుక్కాని పట్టను శెట్టిగారూ. మా తమ్ముడు ఏ పలక మీద పోయాడో నాకు చూడాలని ఉంది," అన్నాడు.

ఎత్తేవాడు ఆ రేవులో ఎవరూ లేరు. ఏటికి అవతలి నుంచి నాగోజు అనే వడ్రంగిని పిలిపించారు. నాగోజు బక్కపలచని మనిషి. ఒక భుజాన పనిముట్ల సంచి, ఇంకో చంకలో చాప. ఎప్పుడు పలక ఎత్తినా ఆ ఓడలోనే పడుకోవాలి గనక, అతడు ఎక్కడికి పిలిచినా చాపతోనే వెళ్లేవాడు.

ఒడ్డున కూర్చున్న కాచోజు అతన్ని చూసి నవ్వాడు. "ఏం చాపల నాగోజూ! పనికొచ్చావా, నిద్రకొచ్చావా?"

"నీలాగా ఇంట్లో పడుకుంటే నాకు నిద్రపట్టదు బావా," అన్నాడు నాగోజు.

నాగోజు గునపం పెట్టి మొదటి పలక ఎత్తాడు. దాని కింద తడి. రెండో పలక ఎత్తాడు. అది నల్లగా మాడిన రొట్టెలా ఉంది. మూడో పలక ఎత్తబోయాడు. ఎత్తడానికి పలకే లేదు. పేడముద్దలా చేతికి వచ్చింది. దాని కింద ఓడకు పక్కటెముకల్లాంటి అడ్డదుంగలున్నాయి. నాగోజు ఒకదానిలో ఉలి గుచ్చాడు. ఉడికిన కందలో దిగినట్టు పిడిదాకా దిగిపోయింది.

నూకయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మూడు వరసలూ తీసేయాలి. దుంగలు మార్చాలి. వానాకాలమంతా పడుతుంది," అన్నాడు నాగోజు.

"ముహూర్తం తొమ్మిది రోజుల్లో ఉందయ్యా!" అన్నాడు శెట్టి. "సరుకు సిద్ధమైంది. అటూ ఇటూ కబుర్లు వెళ్లాయి. ఇంకో వరస కొట్టెయ్."

"చచ్చిన చెక్క మీద బతికున్న చెక్కను కొట్టను."

"కొట్టకపోతే?"

"కొట్టకపోతే ఓడ ఆగుతుంది. కొడితే మునుగుతుంది. అంతే తేడా."

శెట్టికి కోపం ముంచుకొచ్చింది. కాచోజునూ మారోజునూ పిలిచి, "మీరు మూయండి," అన్నాడు.

వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎత్తినవాడే వేయాలి, వేసినవాడే పడుకోవాలి. మధ్యలో మాకెందుకు బాబూ?" అని మెల్లగా జారుకున్నారు.

శెట్టి తన పనివాళ్లను పిలిచి పై పలకలు మళ్లీ పరిపించాడు. నాగోజు వైపు వేలు చూపి, "ఎత్తింది నువ్వు. చాప ఎలాగూ తెచ్చుకున్నావు. పడుకో," అన్నాడు.

"పడుకుంటాను. కట్టడి కట్టడే. నా చాప పక్కన మీ అబ్బాయి చాప ఉంటుంది. అది మాత్రం మరిచిపోకండి," అన్నాడు నాగోజు.

శెట్టి విసురుగా వెళ్లిపోయాడు. నూకయ్య నాగోజు దగ్గరకు వచ్చి, "ఇంత కుళ్లు ఎందుకు పట్టింది నాగోజూ? పక్క ఓడ దీనికంటే పాతది. దానికి లేదే?" అని అడిగాడు.

నాగోజు పసుపు మరక వైపు చూశాడు. "ఆ మాట ఒక్కరితోనే చెప్పాలి. ముందు అక్కడ చెప్పనివ్వు," అన్నాడు.

నేరుగా శెట్టి ఇంటికి వెళ్లాడు. అంకమ్మ వసారాలో కూర్చుని మనవడి ప్రయాణానికి అటుకులు మూట కడుతోంది. నాగోజు గడప బయటే నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆవిడ చేతిలోని మూట కింద పడింది.

"నా నీళ్లా? నా నీళ్లు కుళ్లబెట్టాయా? ఇరవై ఏళ్లుగా గొంతు తడుపుకోకుండా దాచి పోసిన నీళ్లు! నీ నాలుక పడిపోను! ముందు ఇక్కడి నుంచి పో!"

"పోతానమ్మా. ఒక్క మాట అడిగి పోతాను. మీ ఇంట్లో ఊరగాయ జాడీలో తడిచేయి పెట్టనిస్తారా?"

"చేయి విరగ్గొడతాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటయ్యా! ఉప్పులో ఊరిన ముక్క ఏడాదైనా నిలుస్తుంది. చుక్క నీరు తగిలిందా, బూజు..."

ఆవిడ ఆగిపోయింది.

"చెక్కా అంతేనమ్మా," అన్నాడు నాగోజు. "ఉప్పునీరు దాన్ని ఊరబెడుతుంది. మంచినీరు మగ్గబెడుతుంది. పైన వరస మీద వరస కొట్టి మూత పెట్టారు. ఇక ఆరే దారి లేదు."

ఆవిడ కింద పడిన మూట ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "కాచోజు చూశాడు. మారోజు చూశాడు. వాళ్లెవరూ నాకు చెప్పలేదే?" అంది.

"నన్ను తిట్టినట్టే వాళ్లనూ తిడతారని."

"మరి..." అంటూ ఆవిడ రేవు వైపు చూసింది. "నిరుడు పోయిన ఆ ఇద్దరూ?"

నాగోజు తలవంచుకున్నాడు. దండం పెట్టి వెళ్లిపోయాడు.

ముహూర్తం రోజు వచ్చింది. అది శుక్రవారం. డప్పులు మోగుతున్నాయి. కళాసీలు ఓడ ఎక్కారు. చుక్కాని పట్టనన్న నూకయ్య కూడా ఎక్కాడు. "మావాళ్లను ఒంటరిగా పంపి ఒడ్డున కూర్చోలేను," అన్నాడు. కడుపులో స్తంభం పాదు దగ్గర నాగోజు తన చాప పరిచాడు. దాని పక్కన సాంబుడు కొత్త చాప పరుచుకుంటూ, "మామా, నువ్వు గురక పెడతావా?" అని అడిగాడు.

"పెడతాను బాబూ. నా గురక వినపడినంతసేపూ మనం బతికున్నట్టే," అన్నాడు నాగోజు.

అప్పుడు అంకమ్మ నిచ్చెన దిగింది. పూజకే వచ్చిందనుకుని అందరూ దారి ఇచ్చారు. కాని ఆవిడ వెంట బిందెలు లేవు.

"పలక ఎత్తండి," అంది.

పైనుంచి శెట్టి కేకవేశాడు. "అమ్మా! ముహూర్తం దాటిపోతుంది!"

"ముహూర్తం దాటితే ఇంకొకటి వస్తుందిరా. వీడు దాటిపోతే రాడు," అంది అంకమ్మ. సాంబుడి చాప మీద కూలబడింది. "కొడుకును దించు, లేకపోతే తల్లితో సహా ఓడ కదుపు."

శెట్టి బతిమాలాడు. బెదిరించాడు. ఆఖరికి కిందికి దిగి వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ఆవిడ కదలలేదు.

నాగోజు పలక ఎత్తాడు. ఆవిడ అందులో చేయి పెట్టింది. మణికట్టు దాకా పోయింది. మోచేయి దాకా పోయింది. బయటికి తీసి చూసుకుంది. వేళ్ల నిండా నల్లటి ముద్ద, అందులో అక్కడక్కడా పసుపు చారలు.

ఆవిడ ఆ చేతిని పైకెత్తి కళాసీలందరికీ చూపింది.

"అమ్మవారికి కోపం రాలేదు నాయనలారా," అంది. "దానయ్యనూ ఎర్రయ్యనూ ఈ చేయి చంపింది."

డప్పులు ఆగిపోయాయి. ఎవరో ఒకరు ముందుగా నిచ్చెన ఎక్కి ఓడ దిగిపోయారు. ఒకరి వెనక ఒకరు అందరూ ఒడ్డుకు వెళ్లిపోయారు. సాంబుడిని వాళ్లే చేయి పట్టుకుని తీసుకుపోయారు. వాళ్లలో నూకయ్య ఒక్కడు నిలిచాడు.

"మా ఎర్రయ్యే కదమ్మా ఆ నీళ్లు మోసేది," అన్నాడు. "ఎండలో కోసెడు దూరం. దాహమేస్తే తాగరా అంటే, తల్లి నీళ్లు అన్నయ్యా, ఎంగిలి కాకూడదు అనేవాడు."

"తెలుసు నాయనా."

"ఒక్క చుక్క తాగలేదు."

"తెలుసు. నన్నేం చేస్తావో చెయ్యి."

నూకయ్య వంగి గునపం అందుకున్నాడు. శెట్టి అడ్డుపడబోయాడు. నూకయ్య అతన్ని పక్కకు నెట్టి, గునపాన్ని పక్క పలక కింద దోపి, పెళ్లున ఎత్తి అవతల పడేశాడు.

"ముందు ఇది చేస్తాను," అన్నాడు. "మిగతాది నాకు చేతకాదు."

ఒడ్డున జనం గుమిగూడారు. తీసిన పలకలు ఒక్కొక్కటే ఇసుకలో పడుతున్నాయి. కాచోజు మీసం దువ్వుతూ పక్కవాడితో, "నేను మొదటి ఏడే కనిపెట్టాను. బొటనవేలితో నొక్కి చూశాను కదా!" అన్నాడు.

ఆ మాట సన్యాసమ్మ చెవిన పడింది. పోయిన దానయ్య తల్లి ఆవిడ. కాచోజు ముందుకు వచ్చి నిలబడింది.

"మొదటి ఏడే తెలుసా నీకు?"

కాచోజు మీసం మీది చేయి తీసేశాడు. అతని వెనక మారోజు అప్పటికే ఇంటిదారి పట్టాడు. ఆ రోజు నుంచి ఆ రేవులో వాళ్లిద్దరికీ ఎవరూ పని చెప్పలేదు. వాళ్లు కూడా ఎవరినీ అడగలేదు.

వానాకాలమంతా వరాలతల్లి ఒడ్డునే ఉంది. నాగోజు మూడు వరసల పలకలూ తీసేశాడు. అడ్డదుంగలు ఒక్కొక్కటీ సుత్తితో తట్టి విన్నాడు. ఖంగుమన్నవి ఉంచాడు. దబ్బుమన్నవి కోసేశాడు. మంచి చెక్క తగిలేదాకా కోశాడు, ఒక్క వేలెడు కూడా జాలి చూపలేదు. కొత్త మద్దిదుంగలు చెక్కి దించాడు. స్తంభం పాదు కొత్తది కట్టాడు. పైన ఒకే ఒక్క వరస పలకలు వేశాడు. గాలి ఆడేందుకు అంచుల్లో సందు వదిలాడు. పాదు దగ్గరి పలకకు మేకు కొట్టనే లేదు. ఎవరైనా, ఎప్పుడైనా చేత్తో ఎత్తి చూసుకోవచ్చు. శెట్టి కూడా రోజూ వచ్చి పక్కన నిలబడేవాడు.

వానలు వెళ్లాక ఓడ కదిలింది. నాగోజు, సాంబుడు పక్కపక్కన చాపలు వేసుకున్నారు. నడిసముద్రంలో గాలి తిరిగింది. అలలు లేచాయి. నాగోజు పలక ఎత్తి చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. మూసి, పడుకుని, గురక పెట్టాడు.

నలభై ఒకటో రోజున తెరచాప కనిపించింది. వెళ్లినవాళ్లందరూ తిరిగివచ్చారు. రేవంతా ఈలలు, కేకలు. సాంబుడిని భుజాల మీద ఎత్తుకున్నారు.

అంకమ్మ మనవడిని దూరం నుంచి ఒకసారి చూసుకుంది. ఆ సందడిలోకి వెళ్లలేదు. వెనక్కి తిరిగి సన్యాసమ్మ గుడిసెకు నడిచింది. సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. తల ఎత్తలేదు.

"ఓడ వచ్చిందా?"

"వచ్చింది."

"అందరూ వచ్చారా?"

"వెళ్లినవాళ్లందరూ వచ్చారు."

సన్యాసమ్మ ఒక ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. "ఆ కాచోజు అప్పుడే నోరు తెరిచి ఉంటే మావాడూ వచ్చేవాడు," అంది.

"నేను తిడతానని తెరవలేదమ్మా," అంది అంకమ్మ.

సన్యాసమ్మ కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. వల అల్లుతూనే ఉంది. అంకమ్మ పొద్దు వాలేదాకా ఆ గుమ్మం ముందే నిలబడి ఉంది.

కుళ్లును చూసి కూడా కప్పేవాడు ఎంత దోషో, నిజం చెప్పేవాణ్ణి నోరు తెరవనివ్వనివాడూ అంతే దోషి; ఎందుకంటే, వేళ మించి తెలిసిన నిజం ఓడను బాగుచేస్తుంది గాని, పోయినవారిని తిరిగి తేలేదు.